జగదీశచంద్ర బోసు

హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చలు, శామీర్‌పేట అను ఊళ్లు కలవు. ఒకప్పుడు బండరాళ్ల గుట్టలతో, పెద్ద చెఱువుతో నిండియున్న ఆ ప్రాంతమున నేడు విద్యాలయములు, పరిశోధనాలయములు, క్రొత్త కాలనీలు వెలసినవి. అక్కడి ఇండ్లలో పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుండి పాఠములు చదువుకొనుచున్నారు. బయటినుండి వచ్చు తీగ ముందు గదిలోని రౌటరు అను చిన్న పెట్టె వఱకే వచ్చును. అచ్చటినుండి కంప్యూటరు వఱకు తీగ లేదు. వైఫై అని మనము పిలుచు, కంటికి కానరాని విద్యుత్తరంగములే ఆ పని నెఱవేర్చుచున్నవి.

ఒక్కొక్కప్పుడు వెనుక గదిలో ఆ సంబంధము తెగిపోవును. పాఠము నడుమ నిలిచిపోవును. అప్పుడు విసుగుకొనువారే పెక్కుమంది. లోపము ఎచ్చటనున్నదో ఓపికతో వెదకువారు కొందఱే. అట్లు వెదకుటలో మనకు గురువు కాదగినవాడు నూఱేండ్లకు పూర్వమే మన దేశమున జీవించెను. ఆయనయే జగదీశచంద్ర బోసు.

జగదీశచంద్రుడు 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన వంగదేశములో జన్మించెను. తండ్రి భగవాన్‌చంద్రుడు ప్రభుత్వోద్యోగి. ఆ కాలమున కలిగినవారు తమ బిడ్డలను ఆంగ్ల పాఠశాలలకు పంపుట గౌరవముగా నెంచుచుండిరి. భగవాన్‌చంద్రుడు మాత్రము తన కుమారుని మొదట మాతృభాషలో బోధించు పాఠశాలకు పంపెను. అచ్చట బాలునకు ఒక ప్రక్కన నౌకరు కుమారుడు, మఱియొక ప్రక్కన జాలరి కుమారుడు కూర్చుండెడివారు. వారు చెప్పు పక్షుల కథలు, జలచరముల కథలు వినుచు అతడు ప్రకృతిని ప్రేమించుట నేర్చుకొనెను.

పిమ్మట కలకత్తాలోని సెయింట్ జేవియర్ కళాశాలలో చదివి, వైద్యవిద్యకై లండను నగరమునకు వెళ్లెను. జ్వరపీడచే ఆ చదువు మానవలసివచ్చెను. అంతట కేంబ్రిడ్జిలో చేరి, రేలీ ప్రభువు వంటి మహా పండితుల యొద్ద భౌతికశాస్త్రమును అభ్యసించెను. 1885లో స్వదేశమునకు మఱలివచ్చి కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకుడయ్యెను.

అచ్చట ఆయనకు ఒక అవమానము ఎదురయ్యెను. ఒకే పని చేయు ఐరోపావారికిచ్చు జీతము భారతీయునకు ఇచ్చెడివారు కారు. బోసు ఎవరితోను కలహింపలేదు, ఉద్యోగమును విడువలేదు. తక్కువ జీతమును మాత్రము ముట్టలేదు. మూడు సంవత్సరములు జీతము లేకయే పాఠములు చెప్పెను. ఆ దినములలో తండ్రికి అప్పులుండెను. ఇల్లు గడచుటయే కష్టముగా నుండెను. తుదకు అధికారులే తమ తప్పును గ్రహించి, గడచిన మూడేండ్లకును పూర్తి జీతమును ఒక్కసారిగా చెల్లించిరి. ఆ ధనముతో ఆయన తండ్రి అప్పులు తీర్చెను.

విద్యుత్తరంగములు ఉండవలెనని మాక్స్‌వెల్ అను శాస్త్రజ్ఞుడు గణితముచే ఊహించెను. అవి నిజముగా ఉన్నవని 1880ల చివర హెర్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. 1894లో బోసు ఈ తరంగములను పరిశోధింప పూనెను. కళాశాలలో ఆయనకు దొరకినది ఒక చిన్న గది. సహాయకుడు ఒక తగరపు పనివాడు. హెర్ట్జ్ తరంగములు మిక్కిలి పొడవైనవి. వానికి పెద్ద పరికరములు కావలెను. బోసు కేవలము 5 మిల్లీమీటర్ల పొడవు గల తరంగములను పుట్టించెను. అందుచే ఆయన పరికరములన్నియు ఒక బల్లమీద అమరెను. రైలు వేళల పుస్తకపు పుటల నడుమ తగరపు రేకులను దూర్చియు, మెలిపెట్టిన జనుపనారను అడ్డుపెట్టియు ఆయన ఆ తరంగముల గుణములను పరీక్షించెను.

కాని పరికరములు తఱచుగా పనిచేయకుండెడివి. ఒక దినము అందిన తరంగము మఱునాడు అందకపోవును. లోపము పంపు యంత్రములో నున్నదా? దారిలో నున్నదా? అందుకొను యంత్రములో నున్నదా? బోసు ఈ మూడింటిని వేఱు వేఱుగా పరీక్షించెను.

మొదట పంపు యంత్రము. అందు లోహపు గుండ్ల నడుమ నిప్పురవ్వ ఎగిరి తరంగము పుట్టును. రవ్వలు పెక్కు ఎగిరినకొలది గుండ్ల ఉపరితలము గరుకై, తరంగము సరిగా పుట్టకుండుట ఆయన గమనించెను. కావున ప్లాటినపు గుండ్లను అమర్చి, ఒక పరీక్షకు ఒక్క రవ్వయే చాలునట్లు చేసెను. రెండవది దారి. తరంగములు రావలసిన దారిన కాక ప్రక్కలనుండియు వెలువడి, అందుకొను యంత్రమును తారుమాఱు చేయుచుండెను. అందుకై పంపు యంత్రమును లోహపు పెట్టెలో మూసి, ఒక గొట్టము గుండ మాత్రమే తరంగము బయటికి వచ్చునట్లు చేసెను.

మూడవదియే కఠినమైనది. ఆ కాలమున తరంగమును అందుకొనుటకు ఇనుప రజను నింపిన గొట్టమును వాడుచుండిరి. దానికి కోహెరరు అని పేరు. తరంగము తాకినంతనే రజను కణములు ఒకదానినొకటి అంటుకొని విద్యుత్తును పోనిచ్చును. మఱల పనిచేయవలెనన్న గొట్టమును తట్టవలెను. చల్లని ఇంగ్లండులో పనిచేసిన ఈ సాధనము ఉక్కపోతయు తేమయు గల వంగదేశములో మొద్దుబాఱెను. గాలిలోని తేమచే కణములకు తుప్పు పట్టుటయే కారణమని బోసు కనుగొనెను. రజనునకు మాఱుగా సన్నని ఉక్కు స్ప్రింగులను వరుసగా పేర్చి, తుప్పు పట్టకుండ వానికి కోబాల్టు పూత పూయించెను. స్ప్రింగులపై ఒత్తిడిని మరచే సవరించుకొను ఏర్పాటు చేసెను. 1899లో ఇనుము, పాదరసములతో ఇంకొక సాధనమును వర్ణించెను. అది తట్టకయే, తనంతట తాను మఱల సిద్ధమగును.

1895లో కలకత్తా టౌన్‌హాలులో ఆయన తన ప్రయోగమును ప్రజలకు చూపెను. గోడల నవతలనుండి వచ్చిన తరంగము దూరముననున్న గంటను మ్రోగించెను. 1897 జనవరిలో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషను పండితులు ఆ చిన్న పరికరములను చూచి అబ్బురపడిరి. ధనమార్జింపుమని పలువురు ప్రోత్సహించిరి. జ్ఞానము అందఱిదనియు, దానిని అమ్మరాదనియు ఆయన నమ్మకము. సీసపు ఖనిజమైన గెలీనాతో చేసిన సాధనమునకు 1904లో అమెరికాలో ఆయన పేర పేటెంటు లభించినది. అదియు మిత్రుల ప్రయత్నము వలననే.

మఱియొక లోపమును వెదకుచు బోసు క్రొత్త దారి పట్టెను. ఎడతెగక తరంగములు తాకిన సాధనము అలసిన కండరమువలె మందగించి, కొంతసేపు విశ్రాంతినిచ్చినచో మఱల తెప్పఱిల్లెను. ఇది చూచి ఆయన లోహములనుండి మొక్కల పరిశోధనకు మఱలెను. ఆయన నిర్ణయములన్నింటిని శాస్త్రజ్ఞులు అంగీకరింపలేదు. కొందఱు తీవ్రముగా ఎదిరించిరి. అయినను ఆయన వెనుదీయక, మొక్కల సూక్ష్మమైన పెరుగుదలను కొలుచు క్రెస్కోగ్రాఫు అను యంత్రమును నిర్మించెను. 1917 నవంబరు 30న కలకత్తాలో బోసు పరిశోధనాలయమును స్థాపించెను. 1920లో రాయల్ సొసైటీ సభ్యత్వమును పొందెను. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూసెను. ఆయన అర్ధాంగి అబలాదేవి మద్రాసులో వైద్యవిద్య నభ్యసించిన విదుషి. కష్టకాలమంతట ఆయనకు తోడు నిలిచినది.

ఇప్పుడు మేడ్చలులోని ఆ వెనుక గదికి మఱల వత్తము. మన వైఫై తరంగములు సాధారణముగా 12 సెంటీమీటర్లో, 6 సెంటీమీటర్లో పొడవు కలవి. బోసు తరంగములకు దగ్గఱి చుట్టములే. లోపమును వెదకు విధమును అదియే. ముందు కంప్యూటరును రౌటరు దగ్గఱకు కొనిపోయి చూడవలెను. అచ్చట పనిచేసినచో లోపము దారిలో నున్నదని అర్థము: ఇనుప కడ్డీలు గల కాంక్రీటు గోడయో, నిలువుటద్దమో, నీళ్ల తొట్టియో తరంగమును అడ్డుకొనుచుండవచ్చును. వంటింటి మైక్రోవేవ్ పొయ్యి కలవరపెట్టుచుండవచ్చును. రౌటరును ఇంటి నడుమ ఎత్తున నుంచిన చాలును. దగ్గఱ కూడ పనిచేయక, ఇంటిలోని ఫోనునకు మాత్రము అందినచో లోపము కంప్యూటరుదే. సంకేతపదము తప్పైనదేమో చూడవలెను. దేనికిని అందనిచో రౌటరును ఆపి, కొంచెము తాళి, మఱల నడపవలెను. కోహెరరును తట్టి మేల్కొలుపుట వంటిదే ఇది. అప్పటికిని ఫలింపనిచో లోపము ఇంటి బయటి తీగలోనిది కావచ్చును. ఆ పని ఎఱిగినవారికి కబురు పంపవలెను.

ఒక్కసారికి ఒక్కదానినే మార్చి చూచుట, చూచినదానిని గుర్తుంచుకొనుట, కారణము తెలియువఱకు విసుగుకొనకుండుట: కలకత్తాలోని చిన్న గదిలో బోసు చేసినది ఇంతియే.