మంచుదారిని గెలిచిన చిన్న కారు: అలెక్ ఇసిగోనిస్ జీవితకథ

కడప నుండి రాజంపేట వైపు సాగే రహదారిలో సుమారు 25 కిలోమీటర్ల దూరాన ఒంటిమిట్ట ఉన్నది. కోదండరామస్వామి ఆలయగోపురం, కొండలు, చెరువు ఆ గ్రామానికి శోభ. వేసవిలో అక్కడి బండరాళ్ళపై కాలు మోపలేము. మంచు అనే పదార్థాన్ని పుస్తకాలలోనూ, చలనచిత్రాలలోనూ చూడడమే తప్ప, అది దారులను కప్పివేసినప్పుడు బండి నడపడం ఎట్టిదో మన ప్రాంతీయులకు అనుభవం లేదు. అయినా దానికి దగ్గరి అనుభవం మనకు లేకపోలేదు.

కొంతకాలం క్రిందట వర్షాకాలంలో ఒంటిమిట్ట సమీపాన బురదలో దిగబడిన ఒక పాతకాలపు కారును మేము చూశాము. చోదకుడు యాక్సిలరేటరు అదిమిన కొద్దీ వెనుక చక్రాలు గిరగిర తిరుగుతున్నవే గాని, బండి అంగుళమైనా కదలలేదు. చూస్తున్న ఒక రైతు ఇద్దరు యువకులను పిలిచి డిక్కీ మీద కూర్చోమన్నాడు. చోదకుణ్ణి తొందరపడక మెల్లగా నడపమన్నాడు. బరువు పడగానే చక్రాలు నేలను పట్టుకున్నవి, కారు గట్టెక్కింది. తిరిగే చక్రం మీద బరువు లేకపోతే జారే నేలపై బలమెంత ఉన్నా వ్యర్థమన్న సత్యం ఆ రైతుకు ఏ పాఠ్యగ్రంథమూ నేర్పలేదు. ఆ సత్యాన్నే ఆధారం చేసుకొని ప్రపంచప్రసిద్ధమైన చిన్న కారును నిర్మించిన వ్యక్తి అలెక్ ఇసిగోనిస్. గణితపరీక్షలో మూడుసార్లు తప్పిన ఆ యంత్రశిల్పి కథను విద్యార్థి మిత్రులకు చెప్పదలచాము.

అలెక్ ఇసిగోనిస్ 1906వ సంవత్సరం నవంబరు 18వ తేదీన స్మిర్నా నగరంలో జన్మించాడు. నేడు టర్కీ దేశంలో ఇజ్మీర్ అని పిలువబడే ఆ రేవుపట్టణం అప్పుడు ఉస్మానియా సామ్రాజ్యంలోనిది. తురుష్కులు, గ్రీకులు, ఆర్మీనియనులు, యూదులు, ఐరోపా వర్తకులు అక్కడ కలసిమెలసి జీవించేవారు. తండ్రి గ్రీకు సంతతివాడు, బ్రిటిష్ పౌరసత్వం కలవాడు. తల్లి జర్మను వనిత. ఓడలకు కావలసిన యంత్రాలను తయారుచేసే కర్మాగారం ఆ కుటుంబానికి ఉండేది. బాలుని ఆటస్థలం ఆ కర్మాగారమే.

మొదటి ప్రపంచయుద్ధానంతరం 1919లో గ్రీకు సైన్యం స్మిర్నాను ఆక్రమించింది. ఖిలాఫత్ ఉద్యమకాలంలో మన దేశ ముస్లిములు ఆ నగరం పేర నిధులు సేకరించిన సంగతి చరిత్ర విద్యార్థులకు తెలిసినదే. 1922 సెప్టెంబరులో ముస్తఫా కమాల్ సేనలు నగరాన్ని తిరిగి పొందాయి. ఆ రోజులలోనే మహాగ్నిప్రమాదంలో నగరంలోని పెద్దభాగం బూడిదయింది. ఆ యుద్ధం వల్ల గ్రీకులూ తురుష్కులూ ఉభయులూ లక్షలసంఖ్యలో ఇండ్లు విడిచిపోవలసి వచ్చింది. బ్రిటిష్ పౌరులు కావడంచేత ఇసిగోనిస్ కుటుంబాన్ని ఓడలో మాల్టా ద్వీపానికి చేర్చారు. ఇల్లూ కర్మాగారమూ పోయినవి. తండ్రి మాల్టాలోనే కన్నుమూశాడు. పదహారేండ్ల కుమారునితో ఆ తల్లి 1923లో ఇంగ్లండు చేరుకొన్నది.

లండనులోని బాటర్సీ పాలిటెక్నిక్ విద్యాలయంలో ఆ యువకుడు ఇంజనీరింగు చదువులో చేరాడు. చిత్రలేఖనంలో అతని చేతికి తిరుగులేదు. గణితంలో మాత్రం మూడు పర్యాయాలు పరీక్ష తప్పాడు. గణితం సృజనాత్మక ప్రతిభకు శత్రువని ఆయన జీవితాంతం భావించేవాడు. ఈ అభిప్రాయాన్ని మా విద్యార్థులు అనుసరించవలదని మనవి. ఆయన గీసిన గీతలను లెక్కలతో సరిచూచి యంత్రాలుగా మలచడానికి నిపుణులైన సహచరులు ఎల్లవేళలా ఉండిరి. అయితే ఒక పరీక్షలో తప్పినంతమాత్రాన మనిషి పనికిరానివాడు కాడనడానికి ఆయన జీవితం సాక్ష్యం.

డిప్లొమా ముగించి కవెంట్రీ నగరంలోని హంబర్ కంపెనీలో కొంతకాలం పనిచేసి, 1936లో మోరిస్ కంపెనీలో ప్రవేశించాడు. తీరిక వేళలలో జార్జి డౌసన్ అనే మిత్రునితో కలసి ఒక చిన్న పందెపుకారును స్వహస్తాలతో నిర్మించాడు. బరువు తగ్గించడమే ఆ కారు పరమార్థం. స్ప్రింగులకు బదులు రబ్బరు వాడడం అందులో విశేషం. ఆ కారును స్వయంగా పందెాలలో నడిపిన అనుభవం తరువాత ఎంతో అక్కరకు వచ్చింది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన పిదప, 1948లో ఆయన రూపొందించిన మోరిస్ మైనర్ కారు వెలువడింది. ఉత్పత్తికి ముందు నమూనా చూడగా అది మరీ ఇరుకుగా తోచింది. వెంటనే దానిని నిలువునా రెండుగా కోయించి, ఆ సగాలను ఎడంగా జరిపించి చూచి, నాలుగు అంగుళాల వెడల్పు పెంచాడు. సంఖ్యలకన్నా కంటినే నమ్మే స్వభావం ఆయనది. బ్రిటనులో పదిలక్షల సంఖ్యను చేరిన మొట్టమొదటి కారుగా అది కీర్తి పొందింది.

1956లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేయడం, బ్రిటన్, ఫ్రాన్సు, ఇజ్రాయెల్ దాడికి దిగడం, కాలువ మూతపడడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. బ్రిటనులో పెట్రోలుకు కరవు వచ్చి రేషను విధించారు. తక్కువ పెట్రోలు త్రాగే చిన్న కారును సాధ్యమైనంత త్వరగా తయారుచేయవలసిందిగా బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లెనార్డ్ లార్డ్ ఇసిగోనిస్‌ను ఆదేశించాడు. ఇంజను మాత్రం కంపెనీలో ఉన్నదే వాడవలెనన్నది నిబంధన.

ఆయన తనకు తాను విధించుకొన్న కొలత పది అడుగుల పొడవు. అందులో నలుగురు పెద్దవాళ్ళు సామానుతో సహా సుఖంగా కూర్చోవాలి. ఇంజను నిలువుగా ఉంటే స్థలం చాలదు. అందుచేత దానిని అడ్డంగా త్రిప్పి ముందుభాగంలో అమర్చాడు. గేరుపెట్టెను ఇంజను క్రింద, నూనె ఉండే తొట్టిలోనే ఇమిడ్చాడు. చక్రాలు పది అంగుళాలవి. అలెక్స్ మౌల్టన్ అనే ఇంజనీరు రూపొందించిన రబ్బరు శంకువులు స్ప్రింగుల స్థానాన్ని ఆక్రమించాయి. ఈ విధంగా కారు నేలవైశాల్యంలో సుమారు 80 శాతం మనుష్యులకు, సామానుకు దక్కింది. ఇంజను శక్తి వెనుక చక్రాలకు గాక ముందు చక్రాలకే అందింది.

పరీక్షాదశలో చలి ఒక చిక్కు తెచ్చిపెట్టింది. మొదటి నమూనాలలో కార్బురేటరు కారు ముఖం వైపు ఉండేది. చల్లగాలి నేరుగా తగిలి అందులో మంచు పేరుకొనేది. అందువల్లనూ, గేర్ల అమరికలోని మరికొన్ని కారణాలవల్లనూ ఇంజనును వెనుకముందులుగా త్రిప్పారు. అప్పుడు నిప్పురవ్వలను పంచే డిస్ట్రిబ్యూటరు ముందుకు వచ్చి, వాన కురిస్తే తడిసి ఇంజను ఆగిపోయే కొత్త ఇబ్బంది పుట్టింది. మొదటి కార్లలో కాళ్ళ క్రిందికి నీరు కూడా చేరేది. గొప్ప సృష్టి సైతం లోపరహితంగా పుట్టదు. దిద్దుకొంటూ పోవడమే శిల్పి ధర్మం.

1959 ఆగస్టు 26న ఈ కారు లోకానికి పరిచయమయింది. దాని పేరే మినీ. ఇంజను పరిమాణం 848 ఘనసెంటీమీటర్లు. బరువు ఆరువందల కిలోగ్రాముల ప్రాంతం. సామాన్య గృహస్థు కోసం పుట్టిన ఆ బండికి పందెాలతో పనేమిటని ఇసిగోనిస్ తలచేవాడు. కాని పందెపుకార్ల నిర్మాతయైన ఆయన మిత్రుడు జాన్ కూపర్ దానిని నడిపి చూచి, మలుపులలో అది నేలను పట్టుకొనే తీరుకు ముగ్ధుడైనాడు. కంపెనీలో ఉన్నతాధికారియైన జార్జి హారిమన్‌ను ఒప్పించి, ఇంజను బలం పెంచి, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు అమర్చి, 1961లో మినీ కూపర్ అనే వేగవంతమైన రూపాన్ని వెలువరింపజేశాడు. 1963లో అంతకన్నా బలమైన కూపర్ ఎస్ వచ్చింది.

ఆ చిన్న కారుకు అసలైన పరీక్ష మాంటీ కార్లో ర్యాలీలో జరిగింది. ఐరోపాలోని వివిధ నగరాల నుండి జనవరి మాసపు నడిచలిలో బయలుదేరి, ఆల్ప్స్ పర్వతాల కనుమలు దాటి, మధ్యధరా సముద్రతీరాన గల మాంటీ కార్లో చేరవలసిన దూరప్రయాణ పోటీ అది. దారులు ఇరుకు, ఒక ప్రక్క కొండ, మరొక ప్రక్క లోయ. కొన్నిచోట్ల మెత్తని మంచు, కొన్నిచోట్ల అద్దంవలె గడ్డకట్టిన మంచు.

అటువంటి దారిలో పెద్ద ఇంజనుండడం వరం కాదు. ఇంజను ముందుండి వెనుక చక్రాలు త్రోసే కార్లలో త్రోసే చక్రాల మీద బరువు తక్కువ; గట్టిగా త్రొక్కితే అవి ఒంటిమిట్ట బురదలో మేము చూచిన కారువలె వృథాగా తిరుగుతవి. మినీలోనో, ఇంజను, గేరుపెట్టె బరువంతా లాగే చక్రాల మీదనే ఉన్నది. రైతు డిక్కీ మీద కూర్చోబెట్టిన యువకుల పనిని అందులో ఇంజనే చేస్తుంది. స్వీడను దేశీయుడు ఎరిక్ కార్ల్‌సన్ 1962, 1963 సంవత్సరాలలో ఇదే ర్యాలీని ముందు చక్రాలు లాగే సాబ్ కారుతోనే గెలిచాడు.

చోదకుల నేర్పు కూడా తక్కువది కాదు. ఉత్తర ఐరోపావారు ఎడమకాలితో బ్రేకు వేయడం నేర్చుకొన్నారు. కుడికాలు యాక్సిలరేటరు మీదనే ఉంటుంది. ఎడమకాలు బ్రేకును మెల్లగా తాకుతుంది. ముందు చక్రాలు లాగుతూనే ఉంటవి. వెనుక చక్రాలు కొద్దిగా జారి, కారు ముఖం మలుపులోనికి తిరుగుతుంది. జారడాన్ని ఆపలేనప్పుడు ఆ జారుడునే పనికి వాడుకోవడం ఆ విద్యలోని రహస్యం. టైర్లకు చిన్న మేకులు అమర్చేవారు. సహచోదకుడు ప్రతి మలుపు లక్షణాన్నీ ముందే వ్రాసుకొని చదివి చెప్పేవాడు. మరికొందరు కొన్ని గంటల ముందు ఆ దారిన పోయి, ఎక్కడ మంచు గడ్డకట్టినదో గుర్తించి తెలిపేవారు.

1964లో ఐర్లండు వాసి పాడీ హాప్‌కిర్క్, హెన్రీ లిడన్ సహచోదకుడుగా, మినీ కూపర్ ఎస్‌తో ర్యాలీ గెలిచాడు. 1071 ఘనసెంటీమీటర్ల ఇంజను గల ఆ కారు, దానికన్నా నాలుగురెట్లు పెద్ద ఇంజను గల అమెరికను ఫోర్డు ఫాల్కనును వెనుకకు నెట్టింది. 1965లో మంచుతుఫాను భీకరంగా వీచింది. రెండువందలకు పైగా కార్లు బయలుదేరగా, పోటీలో మిగిలి గమ్యం చేరినవి నలభైకి లోపే. ఫిన్లండు చోదకుడు టీమో మాకినెన్, పాల్ ఈస్టర్ తోడుగా, దారి పొడవునా ఒక్క ఆలస్యపు మార్కు కూడా పడకుండా మినీని నడిపి విజయం సాధించాడు. 1966లో మొదటి మూడు స్థానాలూ మినీలవే అయినా, ముందుదీపాలు నిబంధనలకు అనుగుణంగా లేవన్న కారణంతో వాటిని అనర్హములుగా ప్రకటించారు. ఆ నిర్ణయంపై పెద్ద వివాదం చెలరేగింది. మరుసటి సంవత్సరమే రౌనో ఆల్టోనెన్ మినీతో మళ్ళీ గెలిచి వివాదానికి పనితోనే జవాబిచ్చాడు.

ఇసిగోనిస్ 1967లో రాయల్ సొసైటీ సభ్యుడైనాడు. 1969లో ఆయనకు సర్ బిరుదం లభించింది. అవివాహితుడుగానే ఉండి, తనను చేయిపట్టి ఇంగ్లండుకు తెచ్చిన తల్లిని 1972లో ఆమె కన్నుమూసే వరకు తన ఇంటనే ఉంచుకొని సేవించాడు. ఆయనలో లోపాలు లేవని మేము చెప్పము. పట్టిన పట్టు విడువనివాడు. ఇతరుల సలహా వినడం ఆయనకు కష్టం. అమ్మకాలలో మినీ ఎంత ఘనమైనదో కంపెనీకి లాభంలో అంత స్వల్పమైనది. తరువాతి కాలంలో ఆయన ఆలోచనలను కంపెనీ ప్రక్కకు నెట్టింది. 1971లో పదవీవిరమణ చేసి, 1988 అక్టోబరు 2వ తేదీన బర్మింగ్‌హాంలో పరమపదించాడు. ఆయన మినీ ఉత్పత్తి 2000వ సంవత్సరంలో ముగిసేనాటికి 53 లక్షలకు పైగా కార్లు వెలువడినవి. ఇంజనును అడ్డంగా అమర్చి ముందు చక్రాలతో లాగించే పద్ధతి మాత్రం ముగియలేదు. నేడు మన కడప, కర్నూలు వీధులలో తిరిగే చిన్న కార్లలో అత్యధికభాగం ఆ పద్ధతినే అనుసరిస్తున్నవి.

మంచును జయించాలన్న సంకల్పంతో ఇసిగోనిస్ ఈ కారును నిర్మించలేదు. పెట్రోలు కొరత, స్థలం కొరత, కొత్త ఇంజను లేకపోవడం అనే మూడు ఇబ్బందులకు ఆయన నిజాయితీగా సమాధానం వెదికాడు. ఆ సమాధానమే మంచులో బలమైంది. మా కళాశాలకు వచ్చే విద్యార్థులలో పెక్కుమంది కొరతల మధ్య పెరిగినవారే. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఆంగ్లం నేర్చుకొంటూ, ఒకటి రెండు పరీక్షలు తప్పి కుమిలిపోయేవారిని మేము ప్రతి సంవత్సరం చూస్తున్నాము. తమ కొరతనే కొలబద్దగా తీసుకొని పని ఆరంభించమని వారికి ఈ జీవితం బోధిస్తున్నది.

ఒంటిమిట్టలో ఇమాంబేగ్ అనే ముస్లిం అధికారి త్రవ్వించినదని ప్రసిద్ధి పొందిన బావి ఒకటి ఉన్నది. నీరు తోడుకొనేవాడు త్రవ్వించినవాని కులమతాలు అడుగడు. మేలు చేసే పని కర్త పేరును తానే నిలుపుతుంది. స్మిర్నా నుండి సర్వస్వం కోల్పోయి వచ్చిన కాందిశీకుని పేరు కూడా ఆ విధంగానే నిలిచింది. రేపు ఏ వానలోనైనా మీ బండి చక్రం జారినప్పుడు బలం పెంచక, బరువు ఎక్కడ ఉన్నదో ఆలోచించండి. చదువులోనూ అంతే.