జైలుకెళ్లిన జిమ్నాస్టిక్స్ గురువు

మన బాన్సువాడలో ఆడపిల్ల కొమ్మ పట్టుకు ఊగితే మగరాయుడని కసురుతాం కదా! ఒకప్పుడు జర్మన్ రాజ్యం ప్రష్యాలో మగపిల్లలు బారెక్కినా సర్కారుకు గిట్టేది కాదు.

ఫ్రెడరిక్ లుడ్విగ్ యాన్ (1778-1852) బడిపంతులు. నెపోలియన్ చేతిలో ప్రష్యా ఓడాక, కుర్రాళ్లను గట్టిపరచాలని 1811లో బెర్లిన్ శివార్లలో కసరత్తు మైదానం తెరిచాడు. ప్యారలల్ బార్స్‌కి అక్కడే పేరొచ్చింది. కుర్రకారు గుమిగూడితే తిరుగుబాటేనని ఏలినవారికి దడ. 1819లో యాన్‌ని జైల్లో పెట్టారు. 1825లో వదిలినా బెర్లిన్‌లో ఉండనివ్వలేదు. కసరత్తుపై నిషేధం తొలగింది 1842లో. యూదులంటే ఆయనకున్న ద్వేషం మాత్రం క్షమించరానిదే.

ఆ కసరత్తే పోటీగా ఎదిగి 1896లో ఒలింపిక్స్‌కెక్కింది, అదీ మగవాళ్లకే! ఆడవాళ్లను రానిచ్చింది 1928లో. మన హైదరాబాద్ అమ్మాయి బుడ్డా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్‌లో కాంస్యం గెలిచింది. ఆ పోటీల్లో వ్యక్తిగత పతకం తెచ్చిన తొలి భారత జిమ్నాస్ట్ ఆమే.