శ్రీ జి. డి. నాయుడు గారు

మన విశాఖపట్టణమున రేవునుండియు ఉక్కు కర్మాగారమునుండియు సరకులు మోయు లారీల చప్పుడు విననివారుండరు. ఆ చప్పుడు సమముగ నున్నంతకాలము దానిని మనము లక్ష్యపెట్టము. ఇంజను మిస్సు కొట్టి, బండి కుదుపులతో నడివీథిని ఆగిపోయిననాడు మాత్రము లోపల నేమి జరుగుచున్నదో ఎఱిగినవాని విలువ మనకు తెలియును. అట్టి తెలివిని ఏ కళాశాలలోను చదువక, తన చేతులతోనే సంపాదించిన యొక తెలుగువాని చరిత్రము ఇచ్చట సంగ్రహముగ వ్రాయబడుచున్నది.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు గారు 1893 సంవత్సరము మార్చి 23వ తేదీని కోయంబత్తూరు చెంతనున్న కలంగల్ గ్రామమున, అరవనాట స్థిరపడిన తెలుగు వ్యవసాయ కుటుంబమున జన్మించిరి. శైశవముననే తల్లిని గోల్పోయిరి. బడి యన్న వారికి గిట్టెడిది కాదు. ఉపాధ్యాయుల కన్నులలో ఇసుక చల్లి పారిపోయెడివారని చెప్పుదురు. వారి చదువు మూడవ తరగతితోనే ముగిసెను.

ఒకనాడు ఒక ఆంగ్ల ఉద్యోగి మోటారుసైకిలు వారి కంటబడెను. ఎద్దులుగాని గుఱ్ఱములుగాని లేకయే పరుగిడు ఆ బండి వారి మనస్సును లాగివేసెను. దానిని కొనవలెనను పట్టుదలతో కోయంబత్తూరు చేరి, హోటలులో ఊడిగము చేసి, కొంత ధనము కూడబెట్టి, తుదకు ఆ బండినే కొనిరి. కొనినపిదప దానిపై నెక్కి తిరుగుటతో తృప్తిపడలేదు. భాగములన్నియు విడదీసి, ఏది దేనిని కదలించునో కనిపెట్టి, మరల కూర్చిరి. అదియే వారి పాఠశాల.

1920లో వారొక బస్సును కొని, పొల్లాచ్చి పళని పట్టణముల నడుమ తామే నడపిరి. ఆ యొక్క బస్సు కాలక్రమమున యూనివర్సల్ మోటారు సర్వీసు అను గొప్ప సంస్థగా పెరిగెను. పెక్కు బస్సులు గలవానికి యంత్రపు జబ్బులు పోల్చుట వినోదము కాదు, జీవనాధారము. బండి ఆగినచో అందలి జనులందఱును ఎండలో నిలువవలసినవారే.

ఆ జబ్బులలో తఱచైనది నిప్పురవ్వ తప్పుట. పెట్రోలు ఇంజనులో గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి సిలిండరులో నొత్తబడి, ప్లగ్గు కొనయందలి రవ్వచే అంటుకొని మండును. బ్యాటరీకి గల ఆఱు లేక పండ్రెండు వోల్టుల శక్తి ఆ రవ్వకు చాలదు. కావున ఇనుపకడ్డీపై లావుతీగను కొలది చుట్లును, సన్నతీగను వేలకొలది చుట్లును చుట్టిన కాయిలు నుంతురు. లావుతీగలో పాఱు విద్యుత్తు తటాలున తెగినప్పుడు సన్నతీగలో వేలకొలది వోల్టులు పుట్టి రవ్వ యెగురును. ఎండవేడిమికిని, మన సముద్రతీరపు చెమ్మకును తీగలపై పూత చెడినచో, ఆ శక్తి ప్లగ్గును చేరక దారిలోనే జాఱిపోవును. నలుగురు మోయు పల్లకిలో ఒకడు భుజము తీసినట్లు బండి కుదుపుచు నడచును. నిలిచియున్నప్పుడు ఆ కుదుపు మఱింత స్పష్టము.

దీనిని కనుగొనుటకు మెకానిక్కు లనుసరించు పద్ధతి తర్కశాస్త్రమువంటిది. ఒక్కొక్క సిలిండరునకు రవ్వ నాపి చూతురు. ఇంజను వేగము తగ్గినచో ఆ సిలిండరు పని చేయుచున్నదన్నమాట. మార్పేమియు లేనిచో దోషమచ్చటనే కలదు. పిదప దాని ప్లగ్గును పొరుగు సిలిండరున కమర్తురు. దోషము వెంట పోయినచో ప్లగ్గుది తప్పు. పోనిచో వైరును పరీక్షింతురు. పూర్వపు బండ్లలో అన్నిటికి నొక్కటే కాయిలు గనుక, అది చెడినచో సిలిండరు లన్నియు తడబడును. నేటి బండ్లలో పెక్కింటికి సిలిండరునకొక కాయిలుండుటచే కాయిలునే మార్చి చూడవచ్చును. చల్లగ నున్నప్పుడు పని చేసి, వేడెక్కినంతనే చెడు కాయిలు అనుభవజ్ఞులను సైతము మోసగించును. విద్యార్థులారా, ఈ విద్యుత్తు ప్రమాదకరము. గురువు లేక దాని చెంతకు పోరాదు.

ఇట్లు కారణమును వెదకు బుద్ధియే నాయుడు గారిని బస్సులతో నాగనీయలేదు. జర్మనీలో తయారైన రసాంట్ అను విద్యుత్ క్షురయంత్రము వారి కల్పనయే. 1952లో రెండువేల రూపాయలకు అమ్మదగిన యిరువురు కూర్చుండు కారును చేసిరి. ప్రభుత్వానుమతి లభింపకపోవుటచే ఆ ప్రయత్నము నిలిచిపోయెను.

మూడవ తరగతితో బడి విడిచిన ఆ మహాశయుడే 1945లో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేర ఇంజనీరింగు కళాశాల నెలకొనుటకు ధనమిచ్చి, దానికి ప్రిన్సిపాలుగ నుండిరి. నాలుగేండ్ల చదువును రెండేండ్లలో నేర్పవచ్చునని వారి దృఢవిశ్వాసము. ప్రభుత్వమువారు సమ్మతింపలేదు. వారు పదవిని విడిచిరేగాని అభిప్రాయమును విడువలేదు. వారి లెక్క సరియో కాదో పెద్దలు వాదింపవచ్చును. కాని చేతికి పని చెప్పని చదువు సగము చదువే యని వారి జీవితము చాటుచున్నది. ఆ కళాశాల నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నడచుచున్నది.

1974 జనవరి 4వ తేదీని వారు దివంగతులైరి. వారు బడి విడిచినందుకు గొప్పవారు కాలేదు, ప్రతి వస్తువును బడిగ చేసికొన్నందున గొప్పవారైరి. బడియు గురువులును గల మనము ఊహతో తృప్తిపడక, పరీక్షించి నిజము తెలిసికొను అలవాటు చేసికొందము గాక.