బాలుడే గురువైన బడి

స్కాట్లండు దేశమందలి సెయింట్ ఆండ్రూస్ పట్టణమున 1753వ సంవత్సరమున ఒక మంగలి యింట ఆండ్రూ బెల్ జన్మించెను. క్రైస్తవ మతాచార్యుడై 1787లో చెన్నపట్టణము చేరెను. 1789లో ఎగ్మూరునందు ఐరోపా సైనికుల అనాథ బాలురకై ఏర్పడిన ఆశ్రమమునకు పర్యవేక్షకుడై, జీతము పుచ్చుకొనకయే ఆ బాధ్యతను వహించెను.

అచట ఉపాధ్యాయులు కొద్దిమందియే; వారును క్రొత్త మార్గమునకు సమ్మతింపరైరి. ఒకనాడు బెల్ గుఱ్ఱముపై పోవుచు, ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట చూచెను. తన బడిలోను అట్లే నేర్పుమని కోరగా, క్రింది తరగతి ఉపాధ్యాయుడు అది అసాధ్యమనెను. అంతట బెల్ ఆ తరగతిని జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలున కప్పగించెను. సామాన్య సైనికుని కొడుకైన ఆ పసివాడు, పెద్దవాడు కాదన్న పనిని చేసి చూపెను. క్రమముగా తక్కిన తరగతులలోను బాలురే బోధకులైరి. చెప్పుచు తామును నేర్చుకొనిరి.

బెల్ 1796లో భారతదేశమును వీడి, మఱుసటి యేట ఈ ప్రయోగమును లండనులో గ్రంథముగా ప్రకటించెను. 'మద్రాసు పద్ధతి' అను పేర అది ఇంగ్లండులోని బీదల బడులకు ప్రాకెను. ఒక్క ఉపాధ్యాయునితో వందల పిల్లలను నడుపు చౌకమార్గముగా దానిని వాడుకొన్నవారును కలరు. అట్టిచోట్ల చదువు వల్లెవేతగా మిగిలెను. పిల్లవాడు గురువునకు తోడు కాగలడు గాని, గురువు అక్కఱనే తీర్చివేయజాలడు.

బెల్ తన ధనములో చాల భాగమును విద్యకే వ్రాసియిచ్చి, 1832లో మరణించెను. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆయన సమాధి కలదు. ఆయన కీర్తికి మూలమైన ఇసుకలోని అక్షరములు మాత్రము మన వీధిబడులవి.