కెన్నెత్ ఆండర్సన్

కెన్నెత్ ఆండర్సన్ (మార్చి 8, 1910 - ఆగస్టు 30, 1974) దక్షిణ భారతదేశపు అడవుల గురించి, వన్యమృగాల గురించి ఆంగ్లంలో అనేక గ్రంథాలు రచించిన ప్రసిద్ధ వేటగాడు, రచయిత. ఈయన హైదరాబాదు సంస్థానములోని బొల్లారంలో జన్మించి, జీవితంలో అధికభాగం బెంగుళూరులో గడిపాడు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 1939 - 1966 సంవత్సరాల మధ్య 8 నరభక్షక చిరుతలను, 7 నరభక్షక పులులను సంహరించాడు. ఉత్తర భారతదేశంలో జిమ్ కార్బెట్‌కు ఉన్నటువంటి పేరు దక్షిణాదిన ఈయనకు ఉంది. జంతువుకు తగిన తుపాకి, తగిన తూటా లేకుండా కాల్చడం వలన జంతువుకూ, మనిషికీ కలిగే అనర్థం ఈయన కథలలో పదేపదే కనిపిస్తుంది. చివరి దశలో ఈయన తుపాకికి బదులు కెమెరాను చేతబట్టి, వన్యప్రాణి సంరక్షణ కొరకు కృషి చేశాడు.

జననము, కుటుంబము

ఆండర్సన్ పూర్వీకులు స్కాట్లాండుకు చెందినవారు. ఆ కుటుంబం ఆరు తరాలుగా భారతదేశంలో స్థిరపడి ఉంది. తండ్రి డగ్లస్ స్టూవర్ట్ ఆండర్సన్ పూణేలోని సైనిక లెక్కల కార్యాలయంలో సూపరింటెండెంటుగా పనిచేశాడు. ఆరుబయట తిరగడం పట్ల, వేట పట్ల కెన్నెత్‌కు ఆసక్తి కలగడానికి తండ్రే కారణం. ఈయన పుట్టిన బొల్లారం అప్పట్లో సికింద్రాబాదు సమీపంలోని సైనిక స్థావరం. సికింద్రాబాదు నుండి నిజామాబాదు మీదుగా మన్మాడు వెళ్ళే రైలుమార్గంలో బొల్లారం ఒక స్టేషను. ఈయన భార్య సింహళ దేశానికి చెందినది. వీరికి ఒక కుమార్తె, ఒక కుమారుడు. కుమారుడు డొనాల్డ్ ఆండర్సన్ (1934 - 2014) కూడా పేరొందిన వేటగాడు. డొనాల్డ్ జ్ఞాపకాలు 2018లో గ్రంథంగా వెలువడ్డాయి.

విద్య, ఉద్యోగము

ఆండర్సన్ బెంగుళూరులోని బిషప్ కాటన్ పాఠశాలలోను, సెయింట్ జోసెఫ్ కళాశాలలోను చదివాడు. తరువాత న్యాయశాస్త్రం చదవడానికి స్కాట్లాండులోని ఎడింబరోకు పంపబడ్డాడు. కానీ ఆ చదువు మధ్యలోనే మాని తిరిగి వచ్చేశాడు. తపాలా, తంతి శాఖలో సుమారు 15 సంవత్సరాలు పనిచేసి, అనంతరం బెంగుళూరులోని విమానాల కర్మాగారంలో ఉన్నతోద్యోగిగా చేరాడు. ఈయనకు వేట జీవనోపాధి కాదు. ఉద్యోగంలో దొరికిన సెలవు దినాలలోనే అడవులకు వెళ్ళేవాడు. స్టూడిబేకర్ కారులో ప్రయాణించేవాడు. కన్నడ, తమిళ భాషలు మాట్లాడగలగడం వలన గ్రామస్థులతోను, అడవిలో నివసించే గిరిజనులతోను నేరుగా మాట్లాడి సమాచారం తెలుసుకోగలిగేవాడు.

వేట జీవితము

మనుషులను చంపుతున్న పులి లేదా చిరుత గురించి కబురు అందినప్పుడు ఆండర్సన్ ఆ ప్రాంతానికి చేరుకొని, ముందుగా మృతుల వివరాలు, అడుగుజాడలు, మృగం సంచరించే దారులు పరిశీలించేవాడు. ఎరగా పశువును కట్టి, చెట్టుపై మంచె మీద రాత్రంతా ఒంటరిగా కూర్చునేవాడు. చీకటిలో గురి చూడడానికి తుపాకికి టార్చిలైటు బిగించుకొనేవాడు.

ఈయన సంహరించిన వాటిలో గుమ్మలాపురం చిరుత ప్రసిద్ధమైనది. అది నేటి కర్ణాటక, తమిళనాడు సరిహద్దు గ్రామాలలో సుమారు 42 మందిని బలిగొన్నది. మైసూరు ప్రాంతంలో కనీసం 12 మందిని చంపిన ఎలుగుబంటిని కూడా ఈయనే కాల్చాడు. మనుషులపై దాడి చేసే కొన్ని ఏనుగులను కూడా ప్రభుత్వ అనుమతితో వేటాడాడు.

తెలుగు ప్రాంతపు అడవులలో

అప్పటి చిత్తూరు జిల్లాలోని చామల లోయ, మామండూరు అడవులు ఆండర్సన్ కథలకు రంగస్థలాలు. ఇవి తిరుపతికి సమీపంలో, శేషాచలం కొండల పరిసరాలలో ఉన్నాయి. మామండూరు రేణిగుంట నుండి కోడూరు వైపు వెళ్ళే రైలుమార్గంలో ఉంది. చామల లోయలోని నరభక్షక పులి కథ ఈయన మొదటి పుస్తకంలోనే చోటుచేసుకుంది. నల్లమల అడవులలోని నరభక్షక పులుల గురించి కూడా ఈయన రాశాడు. 1989లో శేషాచలం కొండలలో శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో మామండూరు ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది.

తుపాకి, తూటాల ఎంపిక

ఆండర్సన్ సాధారణంగా 1895 నమూనా వించెస్టరు రైఫిలును వాడేవాడు. అందులో పేల్చేది .405 తూటా. ఈ తూటా 1904లో మార్కెట్టులోకి వచ్చింది. అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన థియొడోర్ రూజ్వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు వెళ్ళినప్పుడు ఇటువంటి రైఫిలునే తీసుకువెళ్ళాడు. తుపాకి కింద ఉండే మీటను లాగి మూస్తే ఖాళీ గొట్టం బయటపడి కొత్త తూటా లోపలికి వస్తుంది. అందువల్ల రెండవసారి వెంటనే కాల్చవచ్చు. మృగం మీదికి దూకినప్పుడు వేటగాడి ప్రాణం ఆ రెండవ తూటా మీదనే ఆధారపడి ఉంటుంది.

ఈ ఎంపికలోని ఔచిత్యం తెలియాలంటే దానిని చిన్న రైఫిలుతో పోల్చి చూడాలి. ప్రపంచంలో అత్యధికంగా వాడుకలో ఉన్న చిన్న తూటా .22 రిమ్‌ఫైర్. ఇది 1887లో అమెరికాలో రూపొందింది. ఇందులో దెబ్బ తగలగానే అంటుకునే మందు ఇత్తడి గొట్టపు అడుగు అంచులో చుట్టూ ఉంటుంది. తుపాకి సూది ఆ అంచును నొక్కి నలిపినప్పుడు తూటా పేలుతుంది. అంచు నలగాలంటే గొట్టం పలుచగా ఉండాలి. పలుచని గొట్టం ఎక్కువ ఒత్తిడిని తట్టుకోలేదు. కాబట్టి ఈ తూటాకు శక్తి తక్కువ. దాని చప్పుడు, ఎదురుదెబ్బ, ఖరీదు కూడా తక్కువే. పెద్ద తూటాలలో మందు గొట్టపు అడుగున మధ్యభాగంలో ఉంటుంది. అందువల్ల గొట్టాన్ని దళసరిగా చేయవచ్చు.

.22 తూటాలోని గుండు బరువు సుమారు 2.6 గ్రాములు. .405 గుండు బరువు సుమారు 19.4 గ్రాములు. వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే పెద్ద గుండు శక్తి చిన్నదాని కంటే దాదాపు 25 రెట్లు ఎక్కువ.

చిన్న తూటాలలో కూడా ఎంపిక అవసరమే. గురి సాధనకు సెకనుకు 340 మీటర్ల ధ్వనివేగం కంటే కొంచెం తక్కువ వేగంతో వెళ్ళే గుండ్లు మేలు. ధ్వనివేగాన్ని దాటి వెళ్ళిన గుండు తిరిగి ఆ వేగానికి పడిపోయేటప్పుడు కుదుపుకు లోనై గురి తప్పే అవకాశం ఉంది. ఒలింపిక్సులో 50 మీటర్ల రైఫిలు పోటీలు .22 తూటాలతోనే జరుగుతాయి. వేట అనుమతించబడిన దేశాలలో కుందేలు వంటి చిన్న జంతువులకు ముందు భాగంలో గుంట ఉన్న గుండును వాడతారు. అది తగలగానే విచ్చుకొని జంతువును వెంటనే చంపుతుంది. గుంట లేని గుండు శరీరంలోంచి దూసుకుపోయి, జంతువు గాయంతో తప్పించుకొనిపోయే ప్రమాదం ఎక్కువ. అదే .22 తూటాతో పులిని కాల్చితే అది చావదు, గాయపడుతుంది.

గాయపడిన మృగాలు

పులి, చిరుత స్వభావసిద్ధంగా మనిషికి దూరంగా ఉంటాయని, గాయం వలననో ముసలితనం వలననో సహజమైన ఆహారాన్ని వేటాడలేనప్పుడే అవి ఎక్కువగా మనిషిపై పడతాయని ఆండర్సన్ వివరించాడు. పంటలకు కాపలాగా రైతులు ఉంచుకునే నాటు తుపాకులు ఇందుకు ఒక ముఖ్య కారణం. వాటిలో కూరిన మందుకు, సీసపు రవ్వలకు పెద్ద మృగాన్ని చంపే శక్తి లేదు. జిమ్ కార్బెట్ 1907లో సంహరించిన చంపావత్ ఆడపులి ఇందుకు చక్కని ఉదాహరణ. 436 మందిని చంపినట్లు చెప్పబడే ఆ పులికి కుడివైపు కోరపళ్ళు పాత తుపాకి దెబ్బ వలన విరిగిపోయి ఉన్నాయి. అయితే గాయాలన్నీ మనిషి చేసినవి కావు. గుమ్మలాపురం చిరుత పాదంలో ఏదుపంది ముళ్ళు విరిగి ఉండడాన్ని ఆండర్సన్ గమనించాడు.

రచనలు

* నైన్ మ్యాన్ ఈటర్స్ అండ్ వన్ రోగ్ (1954)
* మ్యాన్ ఈటర్స్ అండ్ జంగిల్ కిల్లర్స్ (1957)
* ది బ్లాక్ పాంథర్ ఆఫ్ శివనిపల్లి (1959)
* ది కాల్ ఆఫ్ ది మ్యాన్ ఈటర్ (1961)
* దిస్ ఈజ్ ది జంగిల్ (1964)
* ది టైగర్ రోర్స్ (1967)
* టేల్స్ ఫ్రం ది ఇండియన్ జంగిల్ (1970)
* జంగిల్స్ లాంగ్ ఎగో (1976, మరణానంతర ప్రచురణ)

పులులు, చిరుతలతో పాటు రేచుకుక్కలు, దుమ్ములగొండ్లు, పాముల వంటి జీవుల గురించి కూడా ఈయన వ్రాశాడు. గిరిజనుల జీవన విధానం, వారి అటవీ విజ్ఞానం, రోడ్లూ ఆసుపత్రులూ లేని నాటి గ్రామాల దుస్థితి ఈ రచనల వలన తెలుస్తాయి. ఓటమితో ముగిసిన ప్రయత్నాలను కూడా ఈయన దాచకుండా చెప్పాడు.

వన్యప్రాణి సంరక్షణ

అడవులు తరిగిపోవడం, దొంగవేట పెరగడం ఆండర్సన్ కళ్ళముందే జరిగాయి. దక్షిణ భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణకు పిలుపునిచ్చిన తొలితరం వారిలో ఈయన ఒకడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము అమలులోకి వచ్చింది. 1973 ఏప్రిల్ 1న పులుల సంరక్షణ పథకం ప్రారంభమైంది. 1991లో ఈ చట్టానికి చేసిన సవరణతో అంతకుముందు లైసెన్సుపై సాగిన కుందేలు, కౌజు వంటి చిన్న జీవుల వేటకు కూడా తెరపడింది. నేడు భారతదేశంలో .22 రైఫిలును కలిగి ఉండడానికి లైసెన్సు తప్పనిసరి. దాని ప్రధాన ఉపయోగం గురి సాధన, క్రీడాపోటీలు మాత్రమే.

మరణము

ఆండర్సన్ 1974 ఆగస్టు 30న బెంగుళూరులో కాన్సరు వ్యాధితో మరణించాడు. ఈయన పుస్తకాలు నేటికీ పునర్ముద్రణ పొందుతున్నాయి. వేట నిషేధింపబడిన కాలంలో కూడా, ఇరవయ్యవ శతాబ్దపు దక్షిణ భారత అరణ్యాలను గురించి తెలుసుకోగోరేవారికి అవి విలువైన ఆధారాలు.