ముప్పయ్యో చలికాలం

ముందు ఒక లెక్క తేల్చుకుందాం. మిన్నెసోటా విశ్వవిద్యాలయం మహిళల ఐస్ హాకీ జట్టు గోల్డెన్ గోఫర్స్ 2016 నాటికే ఆరు ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) టైటిళ్లు గెలిచింది: 2004, 2005, 2012, 2013, 2015, 2016. నన్నడిగితే ఏడంటాను. 2000లో బ్రౌన్ విశ్వవిద్యాలయాన్ని ఓడించి తెచ్చిన జాతీయ టైటిల్‌ను పక్కన పెట్టడానికి నాకు మనసొప్పదు. ఆనాటికి ఎన్‌సీఏఏ మహిళల హాకీకి టోర్నీయే పెట్టలేదు, 2001లో గానీ ఆ ముచ్చట తీరలేదు. వాళ్ల ఆలస్యానికి అమ్మాయిల గెలుపును తగ్గించి రాయడమేమిటి?

2026–27తో ఈ జట్టుకు 30వ సీజన్. అభినందనలు చెప్పే ముందు 1994ను తలుచుకోవాలి. ఆ ఏడాది మిన్నెసోటా హైస్కూళ్ల క్రీడా లీగ్ అమ్మాయిల హాకీని అధికారిక క్రీడగా గుర్తించింది. అమెరికాలో మరే రాష్ట్రమూ అప్పటికి ఆ పని చేయలేదు. బడుల్లో జట్లు పుట్టాక, ఈ పిల్లలు కాలేజీకొచ్చి ఎక్కడ ఆడాలన్న ప్రశ్న రాక తప్పలేదు. 1997లో విశ్వవిద్యాలయం జట్టు కట్టి, ప్రిన్స్‌టన్‌లో ఆడివచ్చిన లారా హాల్డర్సన్ చేతికి అప్పగించింది.

2002లో మినియాపొలిస్‌లో రిడర్ అరీనా తెరుచుకుంది. అమెరికాలో కాలేజీ మహిళల హాకీ కోసమే కట్టిన మొదటి స్టేడియం అది. మగపిల్లల మారియుచ్చి అరీనాను ఆనుకునే ఉంటుంది. విరాళమిచ్చిన రిడర్ దంపతుల పేరే దానికి పెట్టారు. కప్పుల కన్నా ఈ కట్టడమే గొప్పదని నా అభిప్రాయం. మగజట్టు ప్రాక్టీసు ముగిశాక మిగిలిన వేళల్లో ఆడుకోమనడం వేరు, మంచు మీద సొంత హక్కు వేరు.

అదే ఏడాది ఇద్దరు స్థానిక అమ్మాయిలు జట్టులో చేరారు, నటాలీ డార్విట్జ్, క్రిస్సీ వెండెల్. 2005 ఫైనల్లో హార్వర్డ్‌తో స్కోరు 3–3. గడియారంలో మిగిలింది ఒక నిమిషం ఎనిమిది సెకన్లు. అప్పుడు డార్విట్జ్ గోల్ కొట్టింది, కప్పు ఇంటికొచ్చింది. ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణికిచ్చే ప్యాటీ కాజ్‌మయర్ అవార్డు వెండెల్‌కు దక్కింది.

2007లో బ్రాడ్ ఫ్రాస్ట్ కోచ్‌గా పగ్గాలు అందుకున్నాక వచ్చిన 2012–13 సీజన్ సంగతి వేరు. 41 ఆటలు, 41 గెలుపులు, ఒక్క డ్రా కూడా లేదు. అమాండా కెసెల్ 101 పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కు అందించిన పాస్‌లు కలిపి) చేసింది, గోల్ దగ్గర ఫిన్లండ్ నుంచి వచ్చిన నోరా ర్యాటీ నిలబడింది. అంకెలు చూస్తే నల్లేరు మీద నడకలా ఉంటుంది గానీ, క్వార్టర్ ఫైనల్లో నార్త్ డకోటా వాళ్లకు చుక్కలు చూపించింది. మామూలుగా 60 నిమిషాల్లో ముగిసే ఆట మూడో ఓవర్‌టైమ్ దాకా సాగి వంద నిమిషాలు దాటింది. చివరికి 3–2. సెమీఫైనల్ కూడా ఓవర్‌టైమ్‌లోనే తేలింది. ఫైనల్ సొంత రిడర్‌లో, బోస్టన్ యూనివర్సిటీ మీద 6–3.

వరసగా 62 గెలుపుల తర్వాత, 2013 నవంబరులో ఆ పరుగును ఆపింది మళ్లీ ఆ నార్త్ డకోటానే. అంతటి జట్టును 2017లో వాళ్ల విశ్వవిద్యాలయం ఖర్చు తగ్గించుకోవాలంటూ రద్దు చేసేసింది. ఈ 30వ సీజన్‌ను నేను మామూలుగా తీసుకోలేకపోవడానికి కారణం అదే.

ఇక 2016 ముచ్చట. 40 ఆటల్లో ఓటమి ఎరగని బోస్టన్ కాలేజ్ ఫైనల్లో ఎదురుపడింది. ఆట మొదలైన 13 సెకన్లకే సారా పొటొమాక్ గోల్ చేసింది. గెలుపు గోల్ మాత్రం కెసెల్‌ది. సోచి ఒలింపిక్స్ తర్వాత తలకు తగిలిన దెబ్బ ప్రభావంతో దాదాపు రెండేళ్లు ఆటకు దూరమై, అంతకు కొద్ది వారాల ముందే తిరిగొచ్చింది ఆ అమ్మాయి. స్కోరు 3–1. రెండేళ్లకు ప్యాంగ్‌చాంగ్‌లో అమెరికా ఒలింపిక్ స్వర్ణం గెలిచినప్పుడు ఆ జట్టులో కెసెల్‌తో పాటు హన్నా బ్రాండ్ట్, కెల్లీ ప్యానెక్, లీ స్టెక్లీన్ ఉన్నారు. అందరూ గోఫర్లే.

మన పద్ధతిలో సన్మానం చేసి శాలువాలు కప్పాల్సి వస్తే, తొలి శాలువా ఒలింపిక్ పతకాల వాళ్లకు కాదు. 1997లో మొదటిసారి ఆ మెరూన్, బంగారు రంగు జెర్సీ వేసుకుని మంచు మీదికి దిగిన బృందానికి కప్పండి. మిగతావాళ్లు వరసలో వెనక నిలబడతారు, ఏమీ అనుకోరు.