మిద్దెకు పిట్టగోడ

ఆదోని, ఎమ్మిగనూరు ఆసుపత్రుల్లో రాత్రింబవళ్లు పనిచేసే నర్సుల్లో మన సంఘాల ఆడబిడ్డలు ఎందరో ఉన్నారు. వారి వృత్తికి బాట వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను దీపం పట్టుకున్న దయామయిగా తలచుకుంటాం. నర్సుల ప్రాణాల కోసం ఆమె పడిన తపన మాత్రం మనలో కొందరికే తెలుసు.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో, సంపన్న ఆంగ్ల కుటుంబంలో జన్మించింది. పదహారేళ్లకే దేవుని పిలుపు అందుకుంది. ఇంటివారు వద్దన్నా 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో ప్రొటెస్టెంట్ పరిచారికల వద్ద రోగుల సేవ నేర్చుకుంది. 1854లో 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ గాయాలకంటే కలరా, విరేచనాలు, జ్వరాలే ఎక్కువమందిని బలిగొన్నాయి. సేవకు వచ్చిన నర్సుల్లోనూ కొందరు జ్వరంతో కన్నుమూశారు. 1855 మేలో ఆమె కూడా చావు అంచుదాకా వెళ్లి బతికింది. తర్వాత ఎన్నో ఏళ్లు మంచంమీద నుంచే పనిచేసింది.

1860లో లండన్‌లో నర్సుల పాఠశాల ప్రారంభించింది. ఆసుపత్రులపై తాను రాసిన పుస్తకం 1863 ముద్రణలో, లండన్ నర్సుల మరణాలను లెక్కగట్టి, అంటురోగాలకు వారు ఇతర స్త్రీలకంటే ఎక్కువగా బలవుతున్నారని చూపించింది. ఆ పాఠశాలలో తర్ఫీదైన ఆగ్నెస్ జోన్స్ లివర్‌పూల్‌లో పేదలకు సేవచేస్తూ టైఫస్ సోకి 1868లో 35 ఏళ్లకే మరణించింది. ఆరోగ్య సూత్రాలు దేవుడు నియమించిన కట్టడలేనని నైటింగేల్ నమ్మింది. ఆపగలిగిన చావును దైవచిత్తమని సరిపెట్టుకోలేదు. మన దేశానికి రాకపోయినా ఇక్కడి మురుగు, తాగునీటి గురించి దశాబ్దాలపాటు అధికారులకు రాసింది. 1910 ఆగస్టు 13న, తొంభయ్యో ఏట ప్రభువు సన్నిధికి చేరింది.

కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని, లేకుంటే పడినవాని రక్తదోషం ఆ ఇంటిమీదికి వస్తుందని ధర్మశాస్త్రం హెచ్చరించింది (ద్వితీయోపదేశకాండము 22:8). పిట్టగోడ కట్టడం అవిశ్వాసం కాదు, విధేయత. నర్సుకు పిట్టగోడ అంటే చేతి తొడుగులు, క్షయ వార్డులో ఎన్-95 మాస్కు, హెపటైటిస్-బి టీకా మూడు డోసులు, వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా వేయడానికి చేతికందే డబ్బా.

ఇవి ఉన్నాయా అని మన బిడ్డల్ని అడుగుదాం. లేవని చెప్పి, ఉద్యోగం పోతుందేమోనని ఆమె జంకితే సంఘ పెద్దలుగా మనమే తోడువెళ్లి యాజమాన్యంతో మాట్లాడుదాం. ఆసుపత్రులు నడిపే విశ్వాసులైతే ఎవరో అడిగేదాకా ఆగనక్కరలేదు. ఆమె చేతుల్ని కాపాడమని ప్రార్థించే మనం, ఆ చేతులకు తొడుగులున్నాయో లేదో కూడా చూద్దాం.